గ్రీజు చేతులతో చదివేవాడి కోసం

తమ్ముడూ,

పాత ఫోర్ బై ఫోర్ బండికి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండికి, బ్రేక్ ప్యాడ్లు మార్చడం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కుర్చీలో కూర్చుని చదివితే హాయిగా సాగిపోయింది. రెండోసారి నా బండి ముందు చక్రం ఊడదీసి, పక్కనే నేల మీద చతికిలబడి చదివాను. ఈసారి మాత్రం అడుగడుగునా ఆగాల్సి వచ్చింది. ఇలాంటి రాతకు అసలు పరీక్ష ఆ రెండో చదువే.

మొదటి పేరా కొట్టెయ్. పాత బండంటే నీకెంత ఇష్టమో చదివేవాడికి అనవసరం. వాడికి బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమని వినిపిస్తోంది, అందుకే నీ వ్యాసం తెరిచాడు. ఆ చప్పుడుతోనే మొదలుపెట్టు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనప రేకు ఉంటుంది. ప్యాడు పలచబడగానే అది చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కుకు రాసుకుని కీచుమంటుంది. గరగరమంటే మాత్రం ప్యాడు పూర్తిగా అయిపోయి వెనకున్న ఇనప పలకే డిస్కును గీరేస్తోందేమోనని వెంటనే చూసుకోవాలి. ఈ తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

‘ప్యాడ్లు బాగా అరిగితే మార్చాలి’ అన్నావు. బాగా అంటే ఎంత? కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సాధారణంగా 10 మి.మీ.కి అటూ ఇటూగా ఉంటుంది. అది 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చెయ్యాలి. అంకె ఉన్నచోట ‘బాగా’ లాంటి మాటలు వాడకు. బయటి ప్యాడును చూసి సరిపెట్టుకోవద్దని కూడా రాయి. బురదలో, నీళ్లలో తిరిగిన బండికి, ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్‌కున్న జారే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. అప్పుడు లోపలి ప్యాడు ముందే అరిగిపోతుంది.

జాకీ దగ్గరికొచ్చేసరికి నాకు చెమట పట్టింది. ‘హ్యాండ్ బ్రేక్ వేసి బండి ఎత్తండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మామూలు కారుకే అది చాలదు, ఇక పాత ఫోర్ బై ఫోర్ సంగతి చెప్పాలా? విల్లీస్ జీపులోనూ, పాత ల్యాండ్ రోవర్లలోనూ హ్యాండ్ బ్రేక్ చక్రాలను పట్టుకోదు, ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ఆ బలాన్ని వెనక చక్రాలకు మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచిందంటే, రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ తన పని తను చేస్తుంది. లేచిన చక్రం ఒకవైపు, నేల మీది చక్రం ఇంకోవైపు తిరుగుతాయి. షాఫ్టు కదలకుండానే బండి జాకీ మీంచి దొర్లిపోతుంది. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టడం, బండిని జాకీ మీద వదలకుండా స్టాండు మీదకి దించడం, ఇవి ఎత్తే మాట కన్నా ముందు రావాలి. నువ్వు జాగ్రత్తలన్నీ చివర్లో ఒక పెట్టెలో పోశావు. చేతులకు గ్రీజు అయినవాడు పేజీ తిప్పడు నాయనా.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. మొదట్లో ‘పిస్టన్ను వెనక్కి నొక్కాలి’ అని రాసి, దాన్నే చూసుకుంటూ నా బండికి పని చేశాను. కాలిపర్‌లో ప్యాడును తోసే ఆ పిస్టన్ వెనక్కి వెళ్తే బ్రేక్ ఆయిల్ పైన డబ్బాలోకి ఎక్కుతుందని నాకు తెలుసు, కానీ కాగితం మీద లేదు కాబట్టి చేతికి గుర్తురాలేదు. ఆయిల్ పొంగి మడ్‌గార్డు మీద పడింది. చూసేసరికి రంగు ఉబ్బి లేచిపోయింది. ముందే మూత తీసి మట్టం చూడమని, ఎక్కువుంటే కొంచెం తోడెయ్యమని అప్పట్నుంచి మరిచిపోకుండా రాస్తున్నాను.

ఇంకో సంగతి. జారే పిన్నుల కాలిపర్ గురించే రాశావు, నీ బండికి అదే ఉంది కాబట్టి. రెండు వైపులా పిస్టన్లుండే బిగింపు కాలిపర్లు పాత బండ్లలో బోలెడు. వాటిలో చాలావాటికి పిన్నులు లాగితే చాలు ప్యాడ్లు బయటికొస్తాయి, కాలిపర్ విప్పే పనే లేదు. ఏ రకానికి రాస్తున్నావో మొదట్లోనే చెప్పు. విప్పాల్సిన రకమైతే దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టమను. పిన్నులకు మామూలు గ్రీజు రాస్తే రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే రాయాలి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదొద్దు, తడిపి తుడవాలి.

కొత్త ప్యాడ్లు రాపిడికి అలవాటు పడటం గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, ముట్టుకోకు. కానీ దానికి ముందు, ఇంజన్ స్టార్ట్ చేసే మాట కన్నా ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కమని ఒక వాక్యం ఉండాలి. వెనక్కి నొక్కిన పిస్టన్లు ప్యాడ్లను తాకేదాకా తొలి తొక్కుడు నేలకు దిగిపోతుంది. నా గేటుకున్న సొట్ట ఆ వాక్యం లేకపోవడం వల్ల వచ్చిందే.

తిరగరాశాక బండి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి చదివి వినిపించు. వాళ్ల చెయ్యి ఆగినచోటల్లా గీత గీసి నాకు పంపు. నాకు కుడి చక్రం పని అయింది, ఎడమది మిగిలింది. ఒకవైపే మార్చి బండి తియ్యకూడదు కాబట్టి, నీ రెండో ప్రతి వచ్చేదాకా అది స్టాండు మీదే ఉంటుంది.

నీ అన్నయ్య