పెట్టెది తప్పా, బొమ్మది తప్పా?

కేబుల్ మానేసి నెట్ టీవీకి మారాలనుకుంటున్న పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గవర్నర్‌పేటలో ఒక షాపులో ఆండ్రాయిడ్ బాక్స్ 4,500 అంటున్నారు. ఒక్కసారి కొంటే జీవితాంతం అన్ని తెలుగు ఛానళ్లూ, ఓటీటీలూ, కొత్త సినిమాలూ ఉచితమట. కేబుల్ తీయించేసి ఇది పెట్టుకోవచ్చా? కేసేమైనా అవుతుందా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆండ్రాయిడ్ బాక్స్ కొనడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం కాదండీ. ఫైర్ టీవీ స్టిక్ కూడా ఆ జాతిదే. కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లోనూ తప్పు లేదు. అది ఖాళీ గిన్నె, అందులో ఏం పోశారన్నదే లెక్క. మీ షాపతను అమ్ముతున్నది నిజానికి పెట్టెను కాదు, అందులో ముందే ఎక్కించిన ఐపీటీవీ యాప్‌ను, అంటే నెట్ ద్వారా టీవీ ఛానళ్లు చూపే యాప్‌ను. ఎక్కడో ఒక కనెక్షన్ నుంచి పే ఛానళ్ల సిగ్నల్ లాగి, సర్వర్‌లో పెట్టి, వేల పెట్టెలకు పంపుతుంటారు. అందులో ఛానల్‌కు పైసా ముట్టదు.

1957 నాటి కాపీరైట్ చట్టంలో 37వ సెక్షన్ ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఇస్తుంది. అనుమతి లేకుండా తిరిగి ప్రసారం చేస్తే ఆ హక్కును ఉల్లంఘించినట్టే. తెలిసి చేసినవాడికీ, తెలిసి సాయపడినవాడికీ 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఓటీటీలు వేసుకున్న డిజిటల్ తాళాన్ని హక్కుల్ని ఉల్లంఘించడానికి పగలగొడితే 65ఎ సెక్షన్ ఉంది, దానికి 2 ఏళ్ల వరకు.

ఇవన్నీ ప్రధానంగా నడిపేవాడికీ అమ్మేవాడికీ తగిలేవి. ఇక చూసేవాడి సంగతి. ఒక సినిమా పైరసీ కేసులో 2016లో బాంబే హైకోర్టు, నేరం చూడటంలో లేదని, అనుమతి లేకుండా పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడంలో ఉందని చెప్పింది. అంచేత సోఫాలో కూర్చుని సీరియల్ చూసే మనిషి మీద కేసు పడటం చాలా అరుదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ పెట్టెల్లోని కొన్ని సినిమా యాప్‌లు లోపల టొరెంట్ పద్ధతిలో నడుస్తాయి. మీరు చూస్తున్నంతసేపూ మీకు చేరిన ముక్కల్ని అవి మీ కనెక్షన్ మీదుగానే ఇంకొకరికి పంపుతుంటాయి. మీకు తెలియకుండానే పంచేవారి జాబితాలోకి వెళ్తారు. ఆ లాగిన్ పక్కింటివాళ్లకిచ్చి నెలకు 100 తీసుకున్నారా, ఇక తెలియదనడానికీ ఉండదు.

‘జీవితాంతం’ అన్నది మీ జీవితం కాదు, ఆ సర్వర్ జీవితం. ఢిల్లీ హైకోర్టు 2019 నుంచి డైనమిక్ ఇంజంక్షన్లు ఇస్తోంది. అంటే పైరసీ సైటు పేరు మార్చుకుని మళ్లీ పుట్టినప్పుడల్లా కొత్త దావా వేయనక్కర్లేదు, పాత ఉత్తర్వులోకే దాన్ని చేర్చి ఇంటర్నెట్ కంపెనీల చేత ఆపించవచ్చు. మ్యాచ్ సగంలో తెర నల్లబడేది ఇందుకే. అప్పుడు షాపతను ‘అప్‌డేట్’ పేరుతో 500 అడుగుతాడు. రసీదు మీద ‘ఆండ్రాయిడ్ బాక్స్’ అని తప్ప ఛానళ్ల ఊసు ఉండదు కాబట్టి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా మీ చేతిలో కాగితం ఉండదు.

ప్రశ్న: అలాంటి బాక్స్ ఆర్నెల్ల కిందటే కొన్నాం. అప్పట్నుంచి నెట్ నెమ్మదిగా ఉంటోంది. ఫోన్‌లో ఏ సైటు తెరిచినా ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటోంది. రెండింటికీ సంబంధం ఉందా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఉండే అవకాశం గట్టిగానే ఉంది. నా దృష్టిలో చట్టం కన్నా ఇదే పెద్ద బెడద. గూగుల్ ధ్రువీకరణ లేని చవక పెట్టెల్లో కొన్నింటికి ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్ వస్తోంది. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే మాల్‌వేర్ వలలో లక్షల పరికరాలు చిక్కుకున్నాయని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఇలాంటి పెట్టె మీ ఇంటి ఐపీ అడ్రసును (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరును) బయటివాళ్లకు అద్దెకిస్తుంది. ఎవడో చేసిన మోసం మీ కనెక్షన్ నుంచి జరిగినట్టు నమోదవుతుంది. రోబో ప్రశ్నలు రావడానికి అదీ ఒక కారణం. మీ అడ్రసుకు అప్పటికే చెడ్డపేరు వచ్చిందన్నమాట.

ముందు పరీక్ష చేయండి. రాత్రి ఇంట్లో అన్ని ఫోన్లకూ వైఫై ఆపి, టీవీ కట్టేసి, పెట్టెకు మాత్రం కరెంటు ఉంచండి. రౌటర్ మీద లైట్లు ఎడతెగకుండా కొట్టుకుంటున్నా, పొద్దున రౌటర్ పేజీలో ఆ పెట్టె పేరుకు ఎదురుగా వందల ఎంబీ అప్‌లోడ్ కనిపించినా అనుమానం బలపడినట్టే. పెట్టెలో ‘డీఆర్‌ఎం ఇన్ఫో’ యాప్ వేసి వైడ్‌వైన్ (ఓటీటీలు వాడే డిజిటల్ తాళం) ఏ స్థాయిలో ఉందో చూడండి. ఎల్1 ఉంటేనే హెచ్‌డీ వస్తుంది. ఎల్3 అయితే అసలు చందా కట్టినా నెట్‌ఫ్లిక్స్ లాంటివి 480పి దాటవు, బొమ్మ మసకగానే ఉంటుంది. పెట్టె అడుగున బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. పేరు కలవకపోతే ఆ స్టిక్కర్ దొంగది.

ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఊపిరి పీల్చుకోకండి. మాల్‌వేర్ కూర్చునేది సిస్టమ్ భాగంలో, రీసెట్ తుడిచేది పైపొర. పెట్టెను తీసేయండి. వైఫై పాస్‌వర్డు, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డు, ఆ పెట్టెలో వాడిన జీమెయిల్ పాస్‌వర్డు మూడూ వేరే పరికరం నుంచి మార్చండి. ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటారేమో, వద్దు. ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి.

ప్రశ్న: అమ్మ సీరియల్స్ చూస్తారు, నాన్నగారు వార్తలు. కేబుల్ మానేసి చట్టబద్ధంగా ఎలా సర్దుకోవచ్చు?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నాన్నగారి పని తేలిక. తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు తమ సొంత యూట్యూబ్ ఛానల్‌లో లైవ్ ఇస్తున్నాయి, అది పూర్తిగా సక్రమం. అమ్మగారిదే చిక్కు, ఎందుకంటే సీరియల్స్ నాలుగు చోట్ల ఉన్నాయి. స్టార్ మావి జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో. నాలుగూ కడితే మిగిలేదేమీ ఉండకపోవచ్చు. ఆవిడ తప్పకుండా చూసే సీరియల్స్ కాగితం మీద రాయించి, రెండు యాప్‌లలో సరిపోతుందేమో చూడండి. సరిపోకపోతే కేబులే చవక. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

నెట్ లెక్క: హెచ్‌డీలో గంటకు 2 నుంచి 3 జీబీ. రోజుకు 5 గంటలైతే నెలకు 300 నుంచి 450 జీబీ. ఫైబర్ కనెక్షన్ తప్పనిసరి. ఫోన్ హాట్‌స్పాట్‌లో రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఒక సీరియల్ పూర్తయ్యేసరికి ఖాళీ. యాప్‌ల కోసం ఫైర్ టీవీ లాంటి స్టిక్ వాడితే, కరెంటు కోసం దాన్ని టీవీ వెనక యూఎస్‌బీకి గుచ్చకండి. చాలా టీవీల్లో అక్కడ వచ్చేది అర ఆంపియరే, స్టిక్‌కు కనీసం 1 కావాలి. తనంతట తనే ఆగి మొదలవుతుంటే కారణం అదే, దాంతో వచ్చిన అడాప్టర్‌నే వాడండి. లైవ్ క్రికెట్ మాత్రం కేబుల్ కన్నా కొన్ని సెకన్లు వెనక వస్తుంది. పక్కింట్లో కేక వినిపించాక మీ ఇంట్లో సిక్సర్ పడుతుంది, దానికి మందు లేదు.

నెట్ పోయిన రోజుకు డీడీ ఫ్రీ డిష్ ఉంచుకోండి. నెలవారీ చందా లేదు, సప్తగిరి వస్తుంది. మన వైపు డిష్ ఆగ్నేయానికి తిరిగి ఉండాలి. ఉపగ్రహం దాదాపు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది కాబట్టి, ఎదురుగా మరీ దగ్గరలో గోడ లేకపోతే చాలు. కేబుల్ బాక్స్ అద్దెదైతే తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు అడగడం మరిచిపోకండి.

ప్రశ్న: పటమటలో టిఫిన్ సెంటర్ ఉంది. నా సొంత ఓటీటీ చందాతో అక్కడ మ్యాచ్ పెట్టవచ్చా?

జవాబు: ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకుని ప్రసారం చూపితే 37వ సెక్షన్ సూటిగా వర్తిస్తుంది. మీరు ఇడ్లీకే తీసుకుంటున్నా, చందా ఒప్పందంలో వ్యక్తిగత, వాణిజ్యేతర వాడకం అనే షరతు ఉంటుంది, దాన్ని దాటినట్టే. కేబుల్ ఆపరేటర్‌నే అడిగి షాపు పేరు మీద వాణిజ్య కనెక్షన్ తీసుకోండి. ‘మ్యాచ్ స్పెషల్, ఎంట్రీ 50’ అన్న బోర్డు మాత్రం అసలొద్దు.

ప్రశ్న: మా అపార్టుమెంటులో 12 ఫ్లాట్లు. ఒకే కనెక్షన్ తీసుకుని స్ప్లిటర్‌తో అందరికీ ఇచ్చి ఖర్చు పంచుకుంటే?

జవాబు: అప్పుడు మీ అసోసియేషనే ఆపరేటర్ అవుతుంది. 1995 నాటి కేబుల్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా కేబుల్ నెట్‌వర్క్ నడపకూడదు. 2025 జనవరి నుంచి ఆ రిజిస్ట్రేషన్‌ను పోస్టాఫీసు కాకుండా కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆన్‌లైన్‌లో ఇస్తోంది, 5 ఏళ్లకు 5,000 రూపాయలు. అదొక్కటే చాలదు, ఛానళ్లతో ఒప్పందమున్న పెద్ద ఆపరేటర్ దగ్గర సిగ్నల్ తీసుకోవాలి. పైగా ఒక సెట్‌టాప్ బాక్స్ నుంచి పంచితే 12 ఇళ్లలోనూ ఒకే ఛానల్ వస్తుంది. రిమోట్ ఎవరి ఫ్లాట్‌లో ఉండాలన్నది తేల్చుకోవడానికే మీకు నెలకో మీటింగు పడుతుంది.