అబ్బాయి రియల్ ఎస్టేట్ ఏజెంట్ అవుతానంటున్నాడు, ఆ సర్టిఫికెట్‌కు 60 వేలు కట్టమంటారా?

ప్రశ్న: మాది కర్నూలు, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర చిన్న హార్డ్‌వేర్ షాపు. అబ్బాయి బీకాం అయిపోయి ఏడాదైంది. ఓర్వకల్లు వైపు వెంచర్లు చూసి ప్లాట్లు అమ్మే పని చేస్తానంటున్నాడు. ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు చేస్తే పేరు పక్కన ‘సర్టిఫైడ్ రియల్టర్’ అని వేసుకోవచ్చట, ఫీజు 60 వేలు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. అబ్బాయిని ఆ పని వద్దనడం లేదు. కట్టాల్సిన డబ్బు వేరే ఉంది, దానికి ఇంత అవసరం లేదు.

ముందు ఆ ‘రియల్టర్’ మాట సంగతి. అమెరికాలో 1908లో మొదలైన ఏజెంట్ల జాతీయ సంఘానికి అది ట్రేడ్‌మార్కు. అక్కడ ఆ సంఘం సభ్యులు తప్ప ఇంకొకరు వాడకూడదు. మన దగ్గర టీ కొట్టు పక్కన రేకుల షెడ్డు వేసినా బోర్డు మీద అదే మాట ఉంటుంది, అడిగేవాడు లేడు. అక్కడ ఏజెంటుకు ముందు రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ ఉండాలి. దాని పైన ఇష్టమైతే చేసుకునేవే డిజిగ్నేషన్లు, అంటే పేరు పక్కన అక్షరాలుగా వేసుకునే అదనపు అర్హతలు. కొనేవాళ్ల తరఫున పనిచేసేవాళ్లకు ఏబీఆర్, ఇళ్ల అమ్మకాల్లో అనుభవం ఉన్నవాళ్లకు సీఆర్‌ఎస్, వాణిజ్య ఆస్తులు చూసేవాళ్లకు సీసీఐఎం ఇలా. సీఆర్‌ఎస్, సీసీఐఎం లాంటివాటికి పాఠాలు వింటే సరిపోదు, చేసిన లావాదేవీలు చూపించాలి. వాటి విలువంతా అక్కడే ఉంది. ఒక్క సైటు కూడా అమ్మని కుర్రాడికి ఆరు వారాల్లో వచ్చే అక్షరాలను వాటితో పోల్చలేం.

మన దేశంలో లైసెన్స్‌తో సమానమైనది రెరా, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే చట్టం కింద చేయించుకునే రిజిస్ట్రేషన్. 2016 నాటి ఈ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్, అంటే మన లెక్కలో సుమారు 12 సెంట్లు దాటినది, రెరాలో నమోదు కావాలి. అలాంటి ప్రాజెక్టులో ప్లాటు అమ్మించే ఏజెంటు కూడా నమోదు కావాలి, అమ్మించిన ప్రతి ప్లాటు కాగితాల్లో తన నంబరు రాయాలి. నమోదు కాకుండా అమ్మిస్తే రోజుకు 10 వేల చొప్పున జరిమానా, అది ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా పోవచ్చు. నమోదైన ఏజెంటు నమోదు కాని వెంచర్ అమ్మించినా అదే జరిమానా. ఇది మీ అబ్బాయికి ముందే గట్టిగా చెప్పండి, ఎందుకంటే కమీషన్ ఎక్కువిస్తామనేది తరచుగా అలాంటి వెంచర్లవాళ్లే. పాత ఇళ్లు, పొలాలు చేతులు మార్పించే పనికి రెరా వర్తించదు. వెంచర్లంటున్నాడు కాబట్టి అతనికి తప్పదు.

చట్టంలో ఏజెంటుకు డిగ్రీ అడగలేదు, పరీక్షా పెట్టలేదు. మహారాష్ట్ర అయితే 2023 నుంచి 20 గంటల శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. రేపు మన రాష్ట్రమూ అదే దారి పడితే చెల్లేది ప్రభుత్వం గుర్తించిన శిక్షణే. మీకు చెప్పిన కోర్సుకు ఆ గుర్తింపు ఉందేమో రాతపూర్వకంగా అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే చాలామంది ఫోన్ ఎత్తడం మానేస్తారు.

నా అనుభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ల క్రితం కల్లూరు వైపు మేము 4 సెంట్లు చూశాం. ఏజెంటు విజిటింగ్ కార్డు మీద పేరు తర్వాత మూడు రకాల అక్షరాలు, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడతాడు. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే కాగితం అడిగితే పదేళ్లది తెచ్చాడు. టోకెన్ అడ్వాన్స్ ఇవ్వబోయే ముందురోజు ఒక డాక్యుమెంట్ రైటర్ ఆ సర్వే నంబరు చూసి, ఇది 22ఎ జాబితాలో ఉంది కదమ్మా అన్నాడు. అంటే నిషేధిత భూమి, రిజిస్ట్రేషనే కాదు. ఆ పెద్దాయన చదివింది ఎనిమిదో తరగతి. ఆ తర్వాత మా చుట్టాల్లో ఎవరు సైటు కొన్నా ఆయన దగ్గరికే పంపిస్తున్నాం.

మన జిల్లాల్లో ఏజెంటుకు కావాల్సింది ఆ చూపు. అడంగల్ (సాగు రికార్డు), 1బి (యజమానుల రికార్డు), ఎఫ్‌ఎంబి (సర్వే కొలతల పటం), 30 ఏళ్ల ఈసీ దగ్గర పెట్టుకుని అందులో ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా ఉందా, పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్న ‘చుక్కల భూమా’ అని పట్టుకోగలగాలి. అలా ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం సంగతి తెలియకుండా రాయలసీమలో భూముల వ్యాపారంలో దిగితే మునిగేది కొన్నవాడొక్కడే కాదు, అమ్మించినవాడి పేరు కూడా. అప్రూవల్ ఉందంటే ఎల్‌పీ (లేఅవుట్ ప్లాన్) నంబరు ఎంత, ప్లానులో పార్కు స్థలం ఎక్కడుంది అని అడగడం రావాలి.

కువైట్ పార్టీల సంగతి కూడా ఉంది. కడప, రాయచోటి నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు ఇక్కడ ఆస్తులు కొంటూనే ఉంటారు. వాళ్లు అక్కడినుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీకి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ప్రవాసులు ఇల్లు, ఇంటి స్థలం కొనొచ్చుగానీ వ్యవసాయ భూమి కొనకూడదు. ఈ రెండు ముక్కలు ముందే చెప్పే ఏజెంటును వాళ్లు వదలరు. విదేశీ కొనుగోలుదారుల కోసం సీఐపీఎస్ అనే డిజిగ్నేషన్ ఉంది, నాలుగైదేళ్లు నిలబడ్డాక దాని గురించి ఆలోచించొచ్చు.

అక్షరాలకు నిజంగా బరువున్న చోట్లు లేకపోలేదు. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో పెద్ద కన్సల్టెన్సీలో చేరాలంటే 1868లో లండన్‌లో పుట్టిన సర్వేయర్ల సంఘం ఆర్‌ఐసీఎస్ వారి సభ్యత్వం చూస్తారు. భూములు, భవనాల విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ కావాలంటే సివిల్ ఇంజినీరింగో ఆర్కిటెక్చరో అలాంటిదేదో చదివి, అనుభవంతో పరీక్ష రాయాలి. బీకాంతో అటు వెళ్లలేడు, ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

డబ్బు సంగతికొస్తే, ఒకటి రెండు శాతం కమీషన్, అదీ రిజిస్ట్రేషన్ అయ్యాకే. ఆరు నెలలు ఒక్క బేరమూ తెగకపోవచ్చు. అందుకని ఏడాదిపాటు సగం రోజు మీ షాపులోనే ఉండనివ్వండి. ఇల్లు కట్టేవాళ్లంతా మీ దగ్గరికే వస్తారు కదా, అంతకంటే మంచి పరిచయాలు ఏ కోర్సులో దొరుకుతాయి! మిగతా సగం రోజు పేరున్న డాక్యుమెంట్ రైటర్ దగ్గర కూర్చోబెట్టండి, జీతం లేకపోయినా సరే.

రెండు నెలలు పోయాక మీ సొంతింటి సర్వే నంబరు అతని చేతికివ్వండి. 30 ఏళ్ల ఈసీ తీసి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, మధ్యలో తనఖా ఏమైనా ఉందో, కాగితం మీద కొలతలు, నేల మీద కొలతలు కలిశాయో లేదో రాసుకుని రమ్మనండి. సరిగ్గా తెస్తే రెరా ఫీజు మీరే కట్టండి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు ఉంటుంది.