సమాచారం వాడుకోవడం నేర్పబోయే అమ్మాయికి

దర్గామిట్ట, నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవించి రాసేది.

ఒంగోలు కాలేజీ లైబ్రరీలో చేరావని మీ అమ్మ చెప్పగానే కడుపు నిండిపోయింది. ఫస్టియర్ పిల్లలకీ, ప్రాజెక్టులు చేసే పీజీ వాళ్ళకీ ఇన్ఫర్మేషన్ లిటరసీ, అంటే సమాచారం వెతికి సరిగ్గా వాడుకోవడం నేర్పే క్లాసులు నిన్నే తీసుకోమన్నారనీ, సిలబస్ కూడా నువ్వే రాసివ్వాలనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందనీ అన్నావు. ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

సిలబస్ జోలికి పోకముందు మీ కాలేజీలో నలుగురిని విడివిడిగా అడుగు: "ఈ పిల్లకి సమాచారం వాడుకోవడం వచ్చు అని మీరు ఎప్పుడు అంటారు?" అని. ప్రిన్సిపాల్ గారు, కాలేజీలకి ఈ-జర్నళ్ళు అందించే ఎన్-లిస్ట్‌లో లాగిన్ అయి జర్నల్ తెరవగలిగితే వచ్చినట్టే అనొచ్చు. కెమిస్ట్రీ మేడమ్ కాపీ కొట్టకుండా రాస్తే చాలనొచ్చు. తెలుగు మాస్టారు చదివింది ఎవరు, ఎందుకు రాశారో పసిగట్టాలి అనొచ్చు. పిల్లలైతే "గూగుల్‌లో కొడితే వచ్చేస్తుంది కదా మేడమ్" అంటారు. అందరూ ఒకే మాట గురించి మాట్లాడుతూ వేరువేరు పనులు అడుగుతుంటారు. నువ్వు చెయ్యబోయేది వీటిలో ఏ పనో తేలకుండా పవర్‌పాయింట్ తయారుచేస్తే అది ఎవరికీ పట్టదు.

ఆస్ట్రేలియాలో క్రిస్టీన్ బ్రూస్ అనే ఆవిడ సరిగ్గా ఈ పనే చేసింది. యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ళని వాళ్ళ అనుభవం అడిగి, 1997లో ఏడు రకాల అవగాహనలు చూపించింది. కొందరికి ఇది కంప్యూటర్ వాడకం. కొందరికి ఏది ఎక్కడ దొరుకుతుందో తెలియడం. ఇంకొందరికి ఒక సమస్య తీర్చుకునే పద్ధతి, లేదా చేతికొచ్చినదాన్ని మళ్ళీ కావాల్సినప్పుడు దొరికేలా సర్దిపెట్టుకోవడం. లోతుకి పోయేకొద్దీ తెలియని విషయంలో సొంత అవగాహన కట్టుకోవడం, తెలిసినదాని మీద నిలబడి కొత్త ఆలోచన చెయ్యడం, తెలిసినదాన్ని పదిమంది మేలుకి వాడే వివేకం. వీటిలో ఏదీ తప్పు కాదు. ఎదుట కూర్చున్న మనిషి దీన్ని ఏ కంటితో చూస్తున్నాడో ముందు కనిపెట్టి, ఇంకో కంటితో కూడా చూడగలిగేలా చెయ్యడమే నీ ఉద్యోగమని నా గట్టి నమ్మకం.

చరిత్ర క్లుప్తంగా చెప్తాను, పరీక్షకి చదివే ఉంటావు. "ఇన్ఫర్మేషన్ లిటరసీ" అన్న మాటని 1974లో అమెరికాలో పాల్ జుర్కౌస్కీ వాడుకలోకి తెచ్చాడు. 1989లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కమిటీ నాలుగు పనులు చెప్పింది: సమాచారం అవసరమైందని గుర్తించడం, వెతికి పట్టుకోవడం, మంచీచెడ్డా చూడడం, సరిగ్గా వాడుకోవడం. 2000లో అక్కడి కాలేజీ లైబ్రరీల సంఘం దీన్ని ఐదు ప్రమాణాలుగా విడగొట్టి పట్టిక వేసింది. ఆ పట్టిక టిక్కులు పెట్టుకునే పనిగా మారుతోందన్న విమర్శ పెరిగి, 2015లో ఆరు మూల భావనలతో కొత్త చట్రం వచ్చింది. పాత ప్రమాణాల్ని 2016లో పక్కన పెట్టేశారు.

పట్టిక పనికిరాదని మాత్రం నేను అనను. ఊళ్ళో లైబ్రరీ మొహమే చూడని పిల్లలు మన కాలేజీలకి వస్తారు. పుస్తకం వీపు మీది నంబరు చూసి అల్మారాలో పట్టుకోవడం, పీహెచ్‌డీ గ్రంథాలుండే వెబ్‌సైట్ శోధ్‌గంగలో ఒక సిద్ధాంత గ్రంథం తెరవడం వాళ్ళకి చేతితో చేయించి నేర్పాల్సిందే. అక్కడ ఆగిపోకూడదు, అంతే.

ఎక్కడిదాకా పోవాలో ఒక్క అంశం మీద చూపిస్తాను. మొన్నటిదాకా మీ ప్రకాశం జిల్లాలో ఉన్న కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళ మీద ప్రాజెక్టు ఎవరో ఒకరు తప్పకుండా తీసుకుంటారు. ఆ పిల్ల ఏం చేస్తుందంటే ప్రాజెక్టు పేరు మొత్తం గూగుల్‌లో కొడుతుంది. నువ్వు పక్కన కూర్చుని ఆ పేరుని మాటలుగా విడగొట్టించు: ఫ్లోరైడ్, దానివల్ల వచ్చే జబ్బు ఫ్లోరోసిస్, భూగర్భ జలం, ఊరి పేరు. తర్వాత "ప్రకాశం" అని కొట్టించు. ఈమధ్య వచ్చినవి దొరుకుతాయి. అప్పుడు అడుగు: ప్రకాశం జిల్లా ఎప్పుడు పుట్టింది? 1970లో. అంతకుముందు కనిగిరి, పొదిలి, దర్శి ఎక్కడున్నాయి? నెల్లూరు జిల్లాలో. సరే, ఇప్పుడు "నెల్లూరు" అని కొట్టమను. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం బయటపడుతుంది. దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి పరిశోధనల్లో అదొకటి. ప్రకాశం అని ఎన్నిసార్లు వెతికినా అది కంటపడదు. వెతకడమంటే డబ్బాలో మాటలు కొట్టడం కాదనీ, ఆ రోజుల్లో ఆ విషయాన్ని రాసినవాళ్ళు ఏ పేరుతో పిలిచి ఉంటారో ఊహించడమనీ ఆ పిల్ల మొహంలో వెలుగు కనపడితే నీ క్లాసు ఫలించినట్టు.

అంతటితో అయిపోదు. కాసేపటికి మళ్ళీ వస్తుంది: "మేడమ్, ఒకచోట లీటరుకి 1 మిల్లీగ్రామ్ దాటకూడదని ఉంది, ఇంకోచోట 1.5 అని ఉంది. ఏది కరెక్ట్?" తొందరపడి జవాబు చెప్పెయ్యకు. ఎవరు అన్నారో చూడమను. మన భారతీయ ప్రమాణాల సంస్థ అంగీకార పరిమితి 1 అంటుంది, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా ఫరవాలేదంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1.5 అంటూనే, ఏ దేశానికి ఆ దేశం తన వాతావరణాన్నీ జనం తాగే నీళ్ళ మోతాదునీ లెక్కలోకి తీసుకోవాలని చెప్తుంది. ఎండలు మండే చోట మనిషి ఎక్కువ నీళ్ళు తాగుతాడు, ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువ పోతుంది. అంటే రెండు అంకెలూ నిజమే, ఏ అంకె ఎక్కడ పనికొస్తుందో తెలుసుకోవడమే చదువు. ఒక మాటకి ఉండే ప్రామాణికత సందర్భాన్ని బట్టి ఉంటుందని 2015 చట్రం చెప్పిన మాట ఇదే. ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తే పిల్లలు ఆవలిస్తారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టు, వాళ్ళే వాదులాడుకుంటారు. "వేరే నీటి వనరు లేకపోతే" అన్న మాట దగ్గర ఇంకొంచెంసేపు ఆపు. లేదని ఎవరు తేలుస్తారు? బిందె మోసే మనిషిని అడిగారా? చురుకైన పిల్లలు అక్కడే నిలబడిపోతారు.

ఇంకో కోణం కరోల్ కుల్తావ్ అనే అమెరికన్ పరిశోధకురాలిది. వెతికేవాళ్ళ మనసులో ఏం జరుగుతుందో ఆవిడ గమనించింది. అంశం ఎంచుకున్న రోజు హుషారుగా ఉంటారు. చదవడం మొదలుపెట్టాక ఒకదానికొకటి పొంతన లేని సంగతులు ఎదురై, ధైర్యం తగ్గి అయోమయం పెరుగుతుంది. తన సొంత ప్రశ్న తేటపడ్డాకే మళ్ళీ కుదురుకుంటారు. ఇది నువ్వు గట్టిగా గుర్తుపెట్టుకో. ఎందుకంటే మన పిల్లలు సరిగ్గా ఆ మధ్యలోనే "నావల్ల కాదు" అని పాత సీనియర్ ప్రాజెక్టు తెచ్చుకుని అట్ట మారుస్తారు. మనమేమో వాళ్ళని దొంగల్లా చూస్తాం. ఆ వారంలో నువ్వు వాళ్ళని పిలిచి, ఇలా అయోమయంగా ఉండడం మామూలేననీ, పని సాగుతోందనడానికి గుర్తనీ చెప్పాలి. కాబట్టి జూలైలో అందరినీ వరసగా నిలబెట్టి లైబ్రరీ చూపించడంతో సరిపెట్టకు. ప్రాజెక్టులు ఇచ్చిన రెండు మూడు వారాలకి ఒక క్లాసు పెట్టించుకో. సబ్జెక్టు మేడమ్‌నో సార్‌నో పక్కన కూర్చోబెట్టుకో. వాళ్ళు లేకుండా నువ్వొక్కదానివే చెప్తే పిల్లలు మార్కులకి సంబంధం లేని క్లాసు అనుకుంటారు.

కొత్తపట్నం వైపు నుంచి వచ్చే పిల్లల్లో రొయ్యల గుంటలున్న ఇళ్ళవాళ్ళు ఉంటారు. వాళ్ళకి వాళ్ళ నాన్న ఏం చేస్తాడో అడిగి చెప్పించు. మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా తెల్లబడిందా చూస్తాడు. నీటి రంగు చూస్తాడు. పక్క గుంట ఆయనకి ఫోన్ చేస్తాడు. అనుమానం వస్తే శాంపిల్ ల్యాబ్‌కి పంపి వైట్ స్పాట్ జబ్బు ఉందో లేదో పీసీఆర్ టెస్ట్ చేయిస్తాడు. ఆయన లైబ్రరీకి ఎన్నడూ రాకపోవచ్చు, కానీ సమాచారాన్ని వాడుకోవడంలో ఆయన గట్టివాడు. ఆస్ట్రేలియాలో ఆన్‌మరీ లాయిడ్ అగ్నిమాపక సిబ్బంది మీద చేసిన పరిశోధన ఈ సంగతే చెప్పింది. పుస్తకంలో నేర్చుకున్నదానికి తోడు, ఒంటితో పసిగట్టేదీ తోటివాళ్ళ దగ్గర నేర్చుకునేదీ కలిస్తేనే వాళ్ళు పనిమంతులవుతారని. ఇది పిల్లలకి చెప్తే రెండు లాభాలు. ఇంట్లో ఉన్న తెలివిని చిన్నచూపు చూడరు. పరిశోధన వ్యాసం కూడా అలాంటి ఒక పనివాళ్ళ గుంపు తమలో తాము మాట్లాడుకునే తీరేనని అర్థమవుతుంది.

ఇక నా మనసుకి బాగా దగ్గరైన సంగతి. ఏ మాట అల్మారాలోకి వచ్చింది, ఏది రాలేదు అని అడగడం కూడా ఈ విద్యలో భాగమేనని అమెరికన్ పరిశోధకుడు జేమ్స్ ఎల్మ్‌బోర్గ్ లాంటివాళ్ళు 2006 నుంచి గట్టిగా చెప్తున్నారు. మనకి దీనికి దూరం పోనక్కర్లేదు. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు, వాచకంలో సారా మీద ఉన్న పాఠం చదివి తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. రోశమ్మ లాంటివాళ్ళు ముందుండి సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్షరం చదవడం నుంచి తమ స్థితిని చదవడం దాకా వాళ్ళు పోయారు. ఇంతకంటే పెద్ద లిటరసీ నాకు తెలియదు. ఈ ఉద్యమం మీద ప్రాజెక్టు చేసే పిల్లకి ఇంగ్లీషు వ్యాసాలు బాగానే దొరుకుతాయి. వాటిలో ఆ ఆడవాళ్ళ సొంత మాట ఎంత ఉంది, వేరేవాళ్ళు వాళ్ళ గురించి చెప్పింది ఎంత ఉందో గీత గీసి చూపించమను. తర్వాత ఆనాటి తెలుగు పేపర్లు వెతకమను. వీలైతే ఊళ్ళోకి పోయి పెద్దవాళ్ళని అడిగి రాసుకురమ్మను. ఆ రాత ఒక కాపీ మీ లైబ్రరీలో పెట్టు.

ఏఐ గురించి అడిగావు. చాట్‌జీపీటీ వాడొద్దని బోర్డు పెడితే ఎవరూ వినరు. అది ఇచ్చిన ప్రతి రిఫరెన్సునీ జర్నల్ వెబ్‌సైట్‌లోకి పోయి సంచిక, పేజీ చూసి తెమ్మను. లేని వ్యాసాలు దర్జాగా ఇస్తుందని వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూస్తారు. తెలియని వెబ్‌సైట్ కనిపిస్తే దాన్నే కింది దాకా చదువుతూ కూర్చోకుండా, ఇంకో ట్యాబ్ తెరిచి దాని గురించి వేరేవాళ్ళు ఏమన్నారో చూసే అలవాటు చెయ్యి. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చరిత్రకారుల్నీ విద్యార్థుల్నీ ఫ్యాక్ట్ చెకర్లనీ పోల్చి చూస్తే, త్వరగా నిజం పట్టుకున్నది ఇలా బయటికి పోయి చూసిన ఫ్యాక్ట్ చెకర్లే. కాపీ సంగతికొస్తే, యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. కానీ సాఫ్ట్‌వేర్ చూపించేది మాటల పోలిక మాత్రమే. 9 శాతంలో కూడా వేరేవాళ్ళ ఆలోచన మొత్తం ఎత్తి రాసుండొచ్చు. పిల్లలు శాతం తగ్గించే కిటుకులు అడుగుతారు. ఆ కిటుకులు నేర్పకు. ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చదివేవాళ్ళకి తెలిసేలా రాయడం నేర్పు.

కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఎన్ని క్లాసులు పెట్టారు, ఎంతమంది వచ్చారు అని అడుగుతారు. హాజరు పట్టిక, ఫోటోలు జాగ్రత్తగా పెట్టు, అవి కావాలి. దానితోపాటు నీకోసం ఒక నోటుబుక్ పెట్టుకో. క్లాసుకి ముందు పిల్లలు అడిగిన ప్రశ్నలు ఎడమ పేజీలో, నెల తర్వాత అదే పిల్లలు అడిగినవి కుడి పేజీలో రాయి. "పుస్తకం ఎక్కడుంది మేడమ్" అన్న పిల్ల "ఈ లెక్క ఎవరు తీశారు మేడమ్" అని అడిగిందనుకో, తేదీతో సహా రాసిపెట్టు. మరుసటి ఏడు సిలబస్ మార్చమని అడగడానికి నీ దగ్గర ఉండే గట్టి ఆధారం అదే.

వేళకి తిను. సిలబస్ చిత్తు ప్రతి రాయగానే పంపు, చదివి పెడతాను.

ఇట్లు
మీ పెద్దమ్మ