ఎథికల్లీ సోర్స్డ్ పుర్రె అని అమ్ముతుంటే నమ్మొచ్చా?

మీరడిగింది రెండు సంగతులు. డాలస్‌లో కూర్చుని ఆన్‌లైన్లో "ఎథికల్లీ సోర్స్డ్" (అంటే జంతువుని దీనికోసం చంపకుండా సేకరించినవి) అని పెట్టి అమ్మే నక్క, రకూన్, కొయోటీ (ఇవి అమెరికా అడవి జంతువులు) పుర్రెలు షెల్ఫ్ కోసం కొనొచ్చా అనేది ఒకటి. ఈసారి ఇంటికొచ్చినప్పుడు మార్కాపురం వైపు మీ అమ్మమ్మగారి ఊళ్ళో అటక మీదున్న దుప్పి కొమ్ములు, అడవి అంచున దొరికే ఎముకలు సూట్‌కేసులో వేసుకెళ్ళొచ్చా అనేది ఇంకోటి.

రెండోదానికి ముందు చెప్పేస్తా, వద్దండీ. "నేను చంపలేదు కదా, రాలిపోయిన కొమ్మే కదా" అని అందరూ అంటారు, దుప్పి ఏటా కొమ్ములు రాల్చేమాట నిజమే, కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొమ్ము, ఎముక, గోరు, పన్ను అన్నీ ట్రోఫీ (దాచుకున్న అడవి జంతువు భాగం) కిందకే వస్తాయి, చచ్చిపడి దొరికిన అడవి జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే, మీ చేతికొస్తే 48 గంటల్లో పోలీస్ స్టేషన్లోనో ఫారెస్టు వాళ్ళకో చెప్పాలి. అటక మీది పాత కొమ్ములకైతే 2003లో డిక్లేర్ చేసుకోమని ఒక గడువిచ్చారు, అప్పటి కాగితాలు ఇంట్లో లేకపోతే వాటిని ఎయిర్‌పోర్టు దాకా తీసుకెళ్ళే ఆలోచన మానుకోండి. నెమలి ఈకల సంగతి వేరు, రాలినవి మనదేశం లోపల వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, దేశం దాటించడం మాత్రం కుదరదు.

రాలినదానికి కూడా ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, కొమ్ముని తిరగేసి చూస్తే తెలుస్తుంది. దానంతట అది రాలిన కొమ్ము మొదలు ఉబ్బెత్తుగా, గరుగ్గా ఉంటుంది, దాని చుట్టూ బొడిపెల రింగు ఉంటుంది. చంపి తీసినదానికి ఆ రింగు కింద పుర్రె ముక్క అంటుకుని ఉంటుంది. ఇంతవరకూ తేలికే, కానీ అమ్మేవాడు రింగుకి పైన రంపంతో కోసి పాలిష్ పెట్టాడనుకోండి, నేనే కాదు ఫారెస్టు రేంజరు కూడా చూపుతో చెప్పలేడు. రాలినవి కొనుక్కోవచ్చని వదిలేస్తే చంపినవన్నీ రాలినవైపోతాయి. పైగా అడవిలో రాలిన కొమ్ము వేస్టు కాదు, ఏదుపందులు కాల్షియం కోసం వాటిని కొరికి కొరికి అరగదీస్తాయి.

ఇక మీ మొదటి ప్రశ్న. నేను వెటర్నరీ చదివాను, ఫస్ట్ ఇయర్ అనాటమీ అంటే సగం రోజులు బోన్ రూములోనే, ఇప్పుడూ పశువుల డాక్టరుగానే పనిచేస్తున్నా, కాబట్టి పుర్రె చేతికిస్తే ముందు పళ్ళ వైపే నా చూపు పోతుంది. సంతలో ఎద్దు కొనేవాడు అమ్మేవాడి కబుర్లు వింటూనే కింది పెదవి దించి రెండు పళ్ళు వేసిందా ఆరు పళ్ళు వేసిందా అని చూసుకుంటాడు చూడండి, మీరూ అదే చేయాలి. "సహజంగా చనిపోయినవి" అంటాడు సెల్లరు. సహజంగా చచ్చేవి ఎక్కువగా మరీ పిల్లలు, లేదంటే ముసలివి. పిల్లదైతే పాలపళ్ళు, ముసలిదైతే కోరలు మొద్దుబారి, దవడపళ్ళు అరిగిపోయి ఉంటాయి. మరి ఆ లిస్టింగులో ముప్పై నక్కపుర్రెలుంటే ముప్పైకీ పళ్ళు కొత్తగా పదునుగా ఉన్నాయంటే, అవన్నీ మంచి వయసులో ఒకే సీజన్లో చంపినవే అనుకోవాలి.

అడవిలో ఏరిన పుర్రె ఎలా ఉంటుందో కూడా చెప్తా. కింది దవడ తరచూ ఉండదు, కుక్కలో నక్కలో ఎటో ఈడ్చుకుపోయుంటాయి. ముక్కు లోపల కాగితంలాంటి పల్చటి ఎముకలుంటాయి, అవి ముందే విరిగిపోతాయి. ఎండకి సన్నటి పగుళ్ళు, నేలకి ఆనిన వైపు పచ్చటి మరక, అంచుల్లో ఎలుకలు కొరికిన జంట గీతలు, ఇలాంటివి ఏవో ఒకటి కనిపిస్తాయి. బండి గుద్దినదైతే ఎక్కడో చోట చితికే ఉంటుంది. ఇవేవీ లేకుండా దవడతో సహా తెల్లగా మెరిసే పుర్రెని "ఫౌండ్" (అడవిలో దొరికింది) అంటున్నాడంటే అబద్ధమాడుతున్నాడనే నేననుకుంటా. నుదుటి మీదో చెవి వెనకో చిన్న గుండ్రటి రంధ్రం ఉందా, అది తూటాది కావొచ్చు. "ఎథికల్లీ సోర్స్డ్" అనే ఆ లేబుల్‌కి చట్టపరంగా అర్థమేమీ లేదు, ఎవడైనా అంటించుకోవచ్చు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి, అమెరికాలో బొచ్చు కోసం కొయోటీనో నక్కనో బోను పెట్టి పట్టడం చాలా రాష్ట్రాల్లో లైసెన్సుతో చట్టబద్ధమే, పుర్రె దాని బైప్రొడక్ట్ అంటారు. నాకు ఆ లెక్క సగమే ఒప్పుదల. తోలుకి ధర లేని ఏడాది పుర్రె మీదొచ్చే డబ్బే ట్రాపరుకి గిట్టుబాటు అయితే అప్పుడది బైప్రొడక్టా, అసలు సరుకా? కనీసం "ఇది ట్రాపింగ్‌ది, ఫలానా రాష్ట్రం, ఫలానా సీజన్" అని ఉన్నదున్నట్టు చెప్పేవాడి దగ్గర కొనడం మేలు, వాడు అబద్ధమైతే చెప్పట్లేదు. గబ్బిలాలు మాత్రం అసలు ముట్టుకోకండి. నారింజ రంగు చిన్న గబ్బిలాన్ని ఫ్రేములో బిగించి హాలోవీన్‌కి తెగ అమ్ముతారు, "ఫారంలో పెంచినవి" అంటారు, ఏడాదికి ఒక్క పిల్లని కనే జంతువుని ఫారంలో పెంచి అంత చవగ్గా అమ్మడం అయ్యే పనేనా? అలాగే మీ పెరట్లో చచ్చిన కాకి పుర్రె అయినా సరే ఉంచుకోకండి, 1918 నాటి మైగ్రేటరీ బర్డ్ ట్రీటీ యాక్టు కింద అక్కడి పక్షుల్లో చాలావాటికి ఈక కూడా పర్మిట్ లేకుండా దగ్గరుండకూడదు.

మరేం చేయాలంటే, నా ఓటు మేకపోతు తలకి. మీ డాలస్‌లోనే హలాల్ షాపుల్లో అడగండి, ఎలాగూ మాంసానికి కోసినదే, మీ కోసం అదనంగా ఒక ప్రాణం పోదు. కాకపోతే తలకాయ కూరకనుకుని కాల్చి, రెండుగా పగలగొట్టి ఇచ్చేస్తారు, కాల్చొద్దు కొట్టొద్దు అని ముందే చెప్పుకోవాలి (మా దగ్గర మాంసం కొట్టు సాయిబు అయితే నన్ను పైకీ కిందకీ చూసి "క్షుద్రపూజలా డాక్టర్ గారూ" అన్నాడు). తోలు, కండ తీసేసి, వెనక వెన్నుపూస కలిసే రంధ్రంలోంచి వంచిన తీగతో మెదడు కలియబెట్టి నీళ్ళతో కడిగేసి, మూతున్న బకెట్లో నీళ్ళు పోసి నానబెట్టండి, బ్యాక్టీరియానే మిగతాదంతా తినేస్తుంది. వాసన గురించి చెప్పక్కర్లేదు, అపార్ట్‌మెంటులో అయితే మొదలెట్టకండి. ఉడకబెడితే కొవ్వు ఎముకలోకి ఇంకిపోయి తర్వాత పసుప్పచ్చగా జిడ్డు కారుతుంది, బ్లీచింగ్ వేస్తే కొన్నాళ్ళకి సుద్దలా పొడిపొడి అవుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన గోరువెచ్చటి నీళ్ళలో జిడ్డు పోయేదాకా ఉంచి, ఆఖర్న మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. నీళ్ళు పారబోసేటప్పుడు జల్లెడ పట్టండి, ముందుపళ్ళు ఊడి అడుగున ఉంటాయి. ఇదే పుర్రె ఇండియాలో చేయించుకుని తీసుకెళ్దామనుకోకండి, మనదగ్గర పశువులకి గాలికుంటు అనే అంటువ్యాధి ఉంది కాబట్టి పశువుల ఎముకలంటే అక్కడి కస్టమ్స్‌లో వంద ప్రశ్నలు, చెప్పకుండా తీసుకెళ్తే ఇంకా ఇబ్బంది.

ఇంకొకటి, దీన్ని ఎవరూ ఎథిక్స్ లెక్కలో వేయరు. ఊళ్ళో పిల్లలకి వందో రెండొందలో ఇచ్చి "ఎక్కడైనా పుర్రె కనిపిస్తే తెండిరా" అనకండి. నిన్నటిదాకా బాగానే ఉన్న గొడ్డు హఠాత్తుగా చచ్చి, ముక్కులోంచి నల్లటి, గడ్డకట్టని రక్తం కారుతుంటే అది ఆంత్రాక్స్ కావొచ్చు, అలాంటి కళేబరాన్ని మేమే కొయ్యం, కోస్తే ఆ క్రిమి గాలి తగిలి స్పోర్లుగా మారి మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. విశాఖ ఏజెన్సీలో చచ్చిన పశువుల మాంసం ముట్టుకుని చేతులమీద నల్ల పుండ్లతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఎంతమందో. ఆ జంతువు ఎలా చచ్చిందో మీకు తెలీదు, తెచ్చే పిల్లాడికి అసలే తెలీదు. అలాంటిది కంటబడితే దూరంగా ఉండి 1962కి ఫోన్ చేయమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి, పశువుల అంబులెన్స్ నంబరు అది.