నలుగురికి రెండు వారాల సరుకులంటే ఎంత?

ఇంట్లో నలుగురం, అంటువ్యాధి వల్ల గడప దాటలేకపోతే ఎంత సరుకు ఉండాలి, మావారేమో ఆర్నెల్లకు కొనేద్దామంటున్నారు అని అడిగారు కదా. ఆర్నెల్లకు వద్దండీ, రెండు వారాలకు చూసుకోండి.

లెక్క ఇలా వేసుకోండి. పెద్దవాళ్లకు మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం (బియ్యం, గోధుమల్లాంటివి), 100 గ్రాముల పప్పులు, 30 మి.లీ. నూనె అనుకుంటే దాదాపు 2000 కేలరీలు వస్తాయి. నలుగురికి 14 రోజులంటే ధాన్యం 22 కిలోలకు కాస్త పైన, పప్పులు ఐదున్నర కిలోలు, నూనె లీటరు ముప్పావు. అంతే! చూశారా, గది నిండా బస్తాలు అక్కర్లేదు.

2020 మార్చిలో నేనూ భయపడి ఎడాపెడా కొన్నాను. మూడో నెలలో డబ్బా మూత తీస్తే గింజల మధ్య నల్లటి పురుగులు తాపీగా నడుస్తున్నాయి. గింజ నలిపితే లోపలంతా డొల్ల, వేళ్లకు పిండి అంటింది. వీటి గుడ్లు చాలాసార్లు కొన్నప్పుడే గింజలో ఉంటాయి. అవి చావాలంటే కొన్న సంచిని గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి. తీశాక చల్లదనం పోయేదాకా విప్పకండి, చెమ్మ పడుతుంది.

కొనడం కూడా ఒకేసారి కాదు. వారం వారం మామూలు సరుకులతో పాటు ఒక కిలో ఎక్కువ తెచ్చుకుంటే మీ వెనక వరుసలో ఉన్నవాళ్లకూ దొరుకుతుంది. పాతవి ముందు వాడేయండి.

అన్నట్టు, మీ అత్తగారికి బీపీ మందులన్నారు. బియ్యం, పప్పుల కంటే ముందు అవి నెలకు సరిపడా ఉన్నాయేమో చూసుకోండి.