డయాలసిస్ మొదలయ్యాక షుగర్ తగ్గితే నయమైనట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. కిడ్నీలు పాడవడంతో వారానికి మూడుసార్లు అనంతపురంలో డయాలసిస్ చేయిస్తున్నాం. ఇన్సులిన్ పాత మోతాదులోనే వేస్తున్నా ఈమధ్య షుగర్ పడిపోయి చెమటలు పడుతున్నాయి. మూడు నెలల సగటు పరీక్షలో 5.8 వచ్చింది. షుగర్ నయమైనట్టేనా? ఇన్సులిన్ మానేయవచ్చా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: షుగర్ నయం కాలేదు, ఇన్సులిన్‌ను మీ అంతట మీరు మానేయకండి. ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని విరిచి తొలగించే పని కిడ్నీలది కాబట్టి, అవి దెబ్బతిన్నాక అదే మోతాదు రక్తంలో ఎక్కువసేపు నిలిచి షుగర్‌ను మరీ కిందికి దించుతుంది. దానికి తోడు ఆకలి కూడా తగ్గుతుంది. ఈ దశలో మోతాదును దాదాపు సగానికి తగ్గించాల్సి రావడం మామూలే. ఎంత తగ్గించాలన్నది మాత్రం ఇంట్లో తీసిన రీడింగులు చూసి డాక్టరే నిర్ణయించాలి. ఈ వారంలోనే వారిని కలవండి.

5.8 అనే అంకెను చూసి నిశ్చింతగా ఉండవద్దు. డయాలసిస్ రోగుల్లో ఎర్ర రక్తకణాలు త్వరగా నశిస్తాయి, రక్తహీనతకు ఇచ్చే ఇంజెక్షన్లతో కొత్త కణాలు పుడుతుంటాయి. అందువల్ల ఈ పరీక్ష ఫలితం అసలు కన్నా తక్కువగా కనిపించే అవకాశం ఉంది. పరగడుపున, భోజనానికి ముందు, డయాలసిస్‌కు ముందూ తర్వాతా గ్లూకోమీటర్‌తో చూసి రాసిపెట్టుకోవడమే మేలు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చేందుకు ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి కాకుండా రెండో చేతి వేలికి గుచ్చండి.

చెమటలు, వణుకు వచ్చి రీడింగు 70 కన్నా తగ్గితే మూడు చిన్న చెంచాల చక్కెర లేదా 15 గ్రాముల గ్లూకోజ్ పొడిని కొద్దిపాటి నీటిలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. మన జిల్లాలో చీనీకాయల రసం, కొబ్బరినీళ్లు ఇవ్వడం అలవాటు. డయాలసిస్ రోగికి అవి వద్దు, వాటిలోని పొటాషియం పేరుకుని గుండె లయను దెబ్బతీయగలదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి.

షుగర్ పెరగడమూ ప్రమాదమే. పెరిగితే దాహం వేస్తుంది, మన ఎండలకు నీళ్లు ఎక్కువ తాగేస్తారు, ఆ నీరంతా ఒంట్లోనే చేరి ఆయాసం తెస్తుంది. మాత్రల్లో మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ ఈ దశలో వాడకూడదు. పాత చీటీలో ఉన్నాయేమో చూసి డాక్టరుకు చెప్పండి.

ఆహారంలో నన్ను ఎక్కువగా బాధించేది, డయాలసిస్ మొదలుకాకముందు చెప్పిన, ప్రొటీన్ తగ్గించే పథ్యాన్నే కొనసాగిస్తూ రోగిని పస్తుంచడం. డయాలసిస్‌లో కొంత ప్రొటీన్ పోతుంది కనుక కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ అవసరం. గుడ్డు తెల్లసొన అందుకు మంచిది. చెనక్కాయల (వేరుశనగ) ఊరిబిండి, అంటే పచ్చడి మాత్రం పొటాషియం, ఫాస్ఫరస్ వల్ల బాగా తగ్గించాలి. సంగటి ఎంత తినవచ్చో డైటీషియన్‌ను అడగండి. రోజూ రాత్రి పాదాలను మీరే చూడండి, స్పర్శ తగ్గినవారికి పుండు పడినా తెలియదు.