ప్లెయిన్ సాక్స్ సరిపోతోంది, అదే లెక్కతో కేబుల్ వేస్తే మడమ ఎందుకు దాటడం లేదు?

2.25 మి.మీ. సూదులు, సన్న ఊలు, 64 కుట్లతో ప్లెయిన్ సాక్స్ చక్కగా పట్టిందని, అన్నే కుట్లతో చుట్టూ కేబుల్ (జడలా మెలికపడే) డిజైన్ వేస్తే మడమ దగ్గర ఇరుక్కుంటోందని రాశారు. మీ లెక్క తప్పు కాదు, వెడల్పంతా కేబుల్ తినేసింది. కుట్లు ఒకదాని మీదుగా ఒకటి దాటినచోట దగ్గరికి లాక్కుంటాయి. పైగా అక్కడ అల్లిక సాగదు. అసలు చిక్కు ఈ సాగకపోవడమే.

పాదం చుట్టుకొలత 22 సెం.మీ. ఉన్నా, మడమ చివర నుంచి చీలమండ ముందు మడత మీదుగా టేపు చుట్టి కొలిస్తే 30 దాకా వస్తుంది. సాక్స్ అంత సాగితేనే ఎక్కుతుంది. అందుకే 4 కుట్ల కేబుల్ ఒక్కోదానికి కనీసం 1 కుట్టు పెంచండి. పిక్క చుట్టూ కేబుళ్లే ఉంటే నేనైతే 72తో మొదలుపెడతాను. మడమ దాటాక డిజైన్ పాదం పైభాగానికే ఉంచి, అడుగున ప్లెయిన్ అల్లండి. ఎగుడుదిగుడు కుట్లు అరికాలికి గుచ్చుకుంటాయి, బూటు రాపిడికి త్వరగా అరుగుతాయి కూడా. పెంచిన కుట్లను వేళ్ల భాగం మొదలయ్యేలోపు తగ్గించేయాలి.

విడిగా నమూనా ముక్క అల్లే ఓపిక లేకపోతే, అంచు రిబ్ (సాగే పట్టీ) తర్వాత డిజైన్ 5 సెం.మీ. రాగానే ఆపండి. కుట్లన్నీ పొడవాటి దారం మీదికి దింపి మడమ దాటించి చూడండి. సూదుల మీద ఉండగా తొడిగితే సూదులే సాగనివ్వవు, కొలత సరిగ్గా తెలియదు. ఎక్కడ ఆగుతోందో గమనించండి. పై అంచే ఆగిపోతే డిజైన్ తప్పు కాదు, మొదట కుట్లు బిగించి వేశారు. కుట్టుకీ కుట్టుకీ మధ్య కాస్త ఎడం ఉంచి మళ్లీ వేస్తే చాలు.

స్లిప్ కుట్ల (అల్లకుండా కుడి సూది మీదికి జరిపేసే కుట్ల) డిజైన్లకూ ఇదే జబ్బు. వెనక దారం బిగుసుకుంటే ముందుభాగం ముడతపడుతుంది. స్లిప్ చేసిన కుట్లను కుడి సూది మీద వెడల్పుగా జరిపాకే తర్వాతి కుట్టు వేయండి.

ఊలు 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్ ఉన్నది, 100 గ్రాములకు దాదాపు 400 మీటర్లు వచ్చేది తీసుకోండి. మూడు నాలుగు పోగులు గట్టిగా పేనింది, ఒకే రంగుది అయితే డిజైన్ ఎత్తుగా కనిపిస్తుంది. రంగురంగుల ఊలు మీద అంత కష్టపడి వేసిన కేబుల్ కనబడకుండా పోతుంది.

64 కుట్లే ఉంచాలనుకుంటే కేబుల్ వదిలేసి ఒక చుట్టు 2 నిట్ (మామూలు కుట్టు) 2 పర్ల్ (తిరగేసిన కుట్టు), తర్వాతి చుట్టు అంతా నిట్ వేయండి. ఇది బాగా సాగుతుంది. పాదం పైనున్న 32 కుట్లలో డిజైన్ రెండు పక్కలా సమంగా రావాలంటే పర్ల్ వచ్చే చుట్టులో 1 నిట్, తర్వాత 2 పర్ల్ 2 నిట్ ఏడుసార్లు, చివర 2 పర్ల్, 1 నిట్.